లెక్కకు మించిన గుర్రాలు

ఆదివారం: డెన్వర్ నుంచి రాక్ స్ప్రింగ్స్

మా బాబాయ్ ప్రకాశం జిల్లాలో పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. అమెరికా వచ్చాక మాల్స్, గుళ్లు, పిల్లల పుట్టినరోజు పార్టీలు అన్నీ అయిపోయాయి. ఒక సాయంత్రం కాఫీ తాగుతూ, "ఇంత దేశంలో చూడ్డానికి గొడ్డూ గోదా ఏమీ లేవా అమ్మా?" అన్నారు.

"అడవి గుర్రాలున్నాయి బాబాయ్. కాకపోతే రోజంతా డ్రైవింగ్."

"అడవి గుర్రాలంటే? యజమాని లేనివా?"

"ప్రభుత్వమే యజమాని."

"అయితే లేనట్టే," అని నవ్వారు. మర్నాడే వెళ్లి మంచి బూట్లు కొనుక్కొచ్చుకున్నారు.

పులిహోర, పెరుగు సర్దుకుని పొద్దున్నే బయల్దేరాం. వయోమింగ్ రాష్ట్రంలో లారమీ దాటాక ఐ-80 హైవే మీద గాలి కారును పక్కకు తోస్తూనే ఉంది. చెట్టన్నది లేదు. బూడిదాకుపచ్చ రంగు సేజ్ బ్రష్ పొదలు, అక్కడక్కడా ప్రాంగ్‌హార్న్ జింకలు, పక్కనే పొడవాటి గూడ్సు రైళ్లు. ఇందులో చాలా భాగం ప్రభుత్వ భూమే. బీఎల్‌ఎం అని పిలిచే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో దేశం మొత్తం మీద దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. ఆ భూమి మీద తిరిగే గుర్రాలనూ గాడిదలనూ పట్టడం, చంపడం, వేధించడం నేరమని 1971 డిసెంబరులో చట్టం వచ్చింది.

ఈ చట్టంలో ఒక మెలిక ఉంది. 1971లో గుర్రాలు ఎక్కడెక్కడ కనిపించాయో అక్కడే వాటికి చోటు. ఆ చోట్లను పది రాష్ట్రాల్లో ముక్కలుగా గుర్తించి, ఒక్కో దానికి ఇన్ని గుర్రాలుండొచ్చని సంఖ్య పెట్టారు. అన్నీ కలిపితే సుమారు 25,500. అంతకు మించినవాటిని బీఎల్‌ఎం పట్టి తీసేయొచ్చు. 2024 మార్చి అంచనా ప్రకారం బయట తిరుగుతున్న గుర్రాలు, గాడిదలు 73 వేలకు పైనే. దారంతా బాబాయ్ ఈ రెండు అంకెల చుట్టూనే తిరిగారు. "ఎవరు పెట్టారు ఆ మొదటి అంకె? మేత కొలిచి పెట్టారా, టేబుల్ దగ్గర కూర్చుని పెట్టారా?" ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనిషికి ఆ అనుమానం రావడంలో వింతేముంది!

సోమవారం: రాక్ స్ప్రింగ్స్

పైలట్ బ్యూట్ లూప్ అని ఇరవై నాలుగు మైళ్ల కంకర రోడ్డుంది. రాక్ స్ప్రింగ్స్‌కు ఉత్తరాన మొదలై, వైట్ మౌంటెన్ మీదుగా గ్రీన్ రివర్ ఊళ్లో దిగుతుంది. గుర్రాలకంటే ముందు మాకు వాటి లద్దె కనిపించింది. రోడ్డు మధ్యలో మోకాలెత్తు కుప్పలు. నేను పక్కనుంచి పోనిస్తుంటే బాబాయ్ కారాపించి దిగారు. పుల్లతో కెలికి చూశారు. పైపొర పచ్చిగా ఉంది, కింద ఎండిపోయి నారలా విడిపోతోంది, అడుగున తెల్లబడిన పాత సరుకు. మగ గుర్రాలు వరసగా ఒకే చోట వేసుకుంటూ పోతాయట. వచ్చిన ప్రతి మగదీ వాసన చూసి, తన వంతు వేసి వెళ్తుంది. "ఇది అటెండెన్స్ రిజిస్టరమ్మా. పైన సంతకం ఈ పొద్దుటిది," అన్నారు.

సంతకం పెట్టిన ఆసామి మలుపు తిరగ్గానే ఉన్నాడు. ముదురు గోధుమ రంగు మగ గుర్రం, మెడ మీద కాట్ల మచ్చలు. వాడి వెనక నాలుగు ఆడవి, రెండు పిల్లలు. మమ్మల్ని చూసి వాడు రెండడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆడవి తలెత్తకుండా మేస్తున్నాయి. అన్నిటికంటే ముసలిది, వీపు కాస్త కుంగినది, ఎటు కదిలితే మిగిలినవన్నీ అటే కదిలాయి. వాడు చివర్న కాపలా. పెత్తనం ఆవిడదే.

మధ్యాహ్నం ఊళ్లో ఉన్న బీఎల్‌ఎం దొడ్డికి వెళ్లాం. పట్టి తెచ్చిన గుర్రాలను ఉంచే చోటది. బయటి నుంచి చూడ్డానికి ఎత్తుగా ఒక చోటు ఏర్పాటు చేశారు. ఇనుప కంచెల వెనక వందలాది గుర్రాలు. ఆడవి ఒక వైపు, మగవి ఒక వైపు. ఎడమ మెడ మీద తెల్లటి గుర్తులు: ద్రవ నైట్రోజన్‌లో ముంచిన ఇనుప అచ్చు అద్దితే అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. పుట్టిన సంవత్సరం, నంబరు అంతా అందులోనే కోణాల లిపిలో ఉంటుంది.

బాబాయ్ చాలాసేపు కంచె దగ్గరే నిలబడ్డారు. "ఒంట్లో కండ బాగానే ఉంది. డెక్కలు చూస్తున్నారు. నీళ్లున్నాయి. వంక పెట్టడానికి లేదు," అన్నారు. కాసేపటికి, "అయినా పొద్దున చూసినవీ ఇవీ ఒకటి కావు," అన్నారు.

ఇలాంటి దొడ్లలో, లీజుకు తీసుకున్న పచ్చిక బయళ్లలో మొత్తం 60 వేలకు పైగా ఉన్నాయి. 125 డాలర్లు కట్టి ఎవరైనా దత్తత తీసుకోవచ్చు. ఒక గుర్రానికి కనీసం నాలుగు వందల చదరపు అడుగుల దొడ్డి, పెద్దదైతే ఆరడుగుల కంచె ఉండాలి. ఏడాది బాగా చూసుకుంటేనే యాజమాన్య పత్రం చేతికొస్తుంది. కానీ పట్టినంత వేగంగా తీసుకెళ్లేవాళ్లు లేరు. ఈ పథకానికి ఏటా 14 కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతుంటే, అందులో సుమారు మూడింట రెండొంతులు ఇలా కట్టేసిన గుర్రాల మేతకే పోతోంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. ఇక్కడ కళ్లున్న గుర్రాలను తెచ్చి మరీ దాణా పెడుతున్నారు.

రాక్ స్ప్రింగ్స్ గొడవ ఇంకో రకం. 1862లో యూనియన్ పసిఫిక్ రైల్వేకు పట్టాలకు అటూ ఇటూ చదరపు మైలు విడిచి చదరపు మైలు ఇస్తూ పోయారు. మ్యాపు చూస్తే చదరంగం బల్లే. ఒక గడి ప్రైవేటు, పక్క గడి ప్రభుత్వానిది, మధ్యలో కంచె లేదు. మా గళ్లలోంచి గుర్రాలను తీసేయండని గొడ్లు మేపేవాళ్ల సంఘం కోర్టుకెళ్లింది. అటూ ఇటూ కలిపి మొత్తం ఊడ్చేయడానికి బీఎల్‌ఎం సిద్ధపడితే, ప్రభుత్వ గళ్లను కూడా ప్రైవేటు భూమిలా చూడటం చట్టవిరుద్ధమని 2016లో అప్పీలు కోర్టు తేల్చింది. అయినా తరలింపు ఆగలేదు. 2021 అక్టోబరులో మొదలైన ఒక్క ఆపరేషన్‌లోనే ఇక్కణ్నుంచి మూడు వేలకు పైగా గుర్రాలు పోయాయి.

మంగళవారం: కోడీ దారిలో

పొద్దంతా కార్లోనే. సౌత్ పాస్ దాటాం, లాండర్‌లో పెట్రోలు పోయించుకున్నాం. విండ్ రివర్ లోయ మాత్రం కన్నార్పకుండా చూడాల్సిందే. ఇంకో చిత్రం, లోయ దాటగానే ఆ నది పేరు బిగ్‌హార్న్ అయిపోతుంది. నీళ్లు అవే.

బాబాయ్‌కి వెల్మా జాన్‌స్టన్ కథ చెబుతూ వచ్చాను. నెవాడాలో రీనో దగ్గర ఉండేది. ఒక ఆఫీసులో సెక్రటరీ. చిన్నప్పుడే పోలియో వచ్చింది. 1950లో పనికి వెళ్తుంటే ముందు పోతున్న ట్రక్కులోంచి రక్తం కారుతోంది. వెంబడించి చూస్తే లోపల కిక్కిరిసిన అడవి గుర్రాలు. విమానాలతో, ట్రక్కులతో తరిమి పట్టి పెంపుడు జంతువుల మేత కోసం కబేళాకు తోలుతున్నారు. అప్పట్నుంచి ఆవిడ ఊరుకోలేదు. వ్యతిరేకులు ఎగతాళిగా 'వైల్డ్ హార్స్ ఆనీ' అంటే, ఆ పేరే పెట్టుకుంది. దేశమంతటా బడిపిల్లల చేత ఉత్తరాలు రాయించింది. 1959లో, ప్రభుత్వ భూముల్లో మోటారు వాహనాలతో అడవి గుర్రాలను పట్టడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1971 చట్టం వెనకా ఆవిడే. 1977లో పోయింది.

"మరి హెలికాప్టర్లతో పడుతున్నారన్నావ్?"

అదే కదా. 1976లో ఇంకో చట్టం వచ్చి హెలికాప్టర్లకు దారి తెరిచింది. ఇప్పుడు జరిగేది ఇది: గోనెగుడ్డ కట్టిన రెండు కంచెలు గరాటాలా నిలబెడతారు. హెలికాప్టరు మైళ్ల దూరం నుంచి గుంపును అటు తరుముకొస్తుంది. గరాటా మూతి దగ్గర మనిషి పట్టుకున్న మచ్చిక గుర్రాన్ని సరైన క్షణంలో వదులుతారు. దానికి అలవాటైన పనే కాబట్టి దొడ్డిలోకి పరిగెడుతుంది. దాన్ని నమ్మి మిగిలినవి వెళ్తాయి. ఆ మచ్చిక గుర్రాన్ని 'జూడాస్' అంటారు. యేసును పట్టించిన శిష్యుడి పేరది.

బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చూడివి కూడా పరిగెడతాయా?" అన్నారు. పిల్లలు పడే నెలల్లో, అంటే మార్చి నుంచి జూన్ చివరి దాకా, అత్యవసరమైతే తప్ప హెలికాప్టరు వాడకూడదని నియమం ఉంది. జులైలో పరిగెత్తే పిల్లకు మాత్రం నెలో రెండు నెలలో ఉంటాయంతే.

బుధవారం: మెకల్లా పీక్స్

కోడీకి తూర్పున, గ్రేబుల్ వైపు వెళ్లే హైవే పక్కనే లక్షా పదివేల ఎకరాల మెట్ట. చారలు తేలిన మట్టిగుట్టలు, వర్షమే ఎరగనట్టున్న నేల. ఇక్కడ పెట్టిన సంఖ్య 70 నుంచి 140. గుర్రాలకు మూడు వందల అడుగుల దూరంలో ఉండాలన్నది నియమం. వాటికి ఆ నియమం తెలీదు, అవే దగ్గరికొస్తాయి.

నీటికుంట ఒడ్డున కారాపుకుని కూర్చున్నాం. పదకొండు గంటలకు ఎండ ముదిరాక గుంపులు గుంపులుగా దిగాయి. ఎక్కువ తెలుపు మచ్చలవే. ఒకదానికి నాలుగు కాళ్లూ తెలుపు, ముఖం మీద తెల్లటి పట్టీ. "పంచకల్యాణి!" అని బాబాయ్ చిన్నపిల్లాడిలా నా భుజం కుదిపారు. "రాజుల కాలంలో దీన్నిలా ఎండలో వదిలేసేవాళ్లా?"

ఒక గుంపు తాగుతుంటే రెండోది వంద గజాల దూరంలో ఆగుతోంది. ఇద్దరు కుర్ర మగాళ్లు వరస తప్పబోతే పెద్ద మగది చెవులు వెనక్కి పెట్టి మెడ సాచింది, అంతే, వెనక్కి తగ్గారు. క్యూ పాటించడంలో మనకంటే నయం.

కుంట దగ్గరే ఒక స్థానికురాలు కలిసింది. ఒళ్లో బైండు పుస్తకం, మెడలో బైనాక్యులర్స్. కోడీలో ఫ్రెండ్స్ ఆఫ్ ఎ లెగసీ అనే స్వచ్ఛంద సంఘం బీఎల్‌ఎంతో కలిసి ఈ మందను చూసుకుంటోంది. ఈవిడ ఏళ్ల తరబడి ఇక్కడి గుర్రాల ఫొటోలు తీస్తూ, రాసుకుంటూ ఉంది. ఇక్కడ 2011 నుంచి ఆడ గుర్రాలకు గర్భనిరోధక టీకా వేస్తున్నారు. పీజడ్‌పీ అంటారు. పంది అండాశయం నుంచి తీసిన ప్రొటీన్. అది ఒంట్లోకి వెళ్తే గుర్రం శరీరం తయారుచేసే యాంటీబాడీలు అండాన్ని కమ్ముకుని వీర్యకణాన్ని అంటనివ్వవు. ప్రభావం సుమారు ఏడాది, తర్వాత మళ్లీ వెయ్యాలి. ఈ రంగంలో పెద్ద పేరు జే కర్క్‌పాట్రిక్‌ది. ఆయన పనిచేసింది ఇక్కడికి దగ్గర్లోని బిల్లింగ్స్‌లోనే, 2015లో పోయారు.

బాబాయ్ ఇక ఆగలేదు. డోసెంత, ఎక్కడ పొడుస్తారు, రికార్డు ఎలా పెడతారు? నేను మధ్యలో దుబాసీని. తుపాకీతో డార్ట్, అంటే మందు నింపిన సూది, తొడ కండలో కొట్టాలి. అడ్డంగా నిలబడాలి, గాలి ఉండకూడదు, ముప్పై నలభై గజాల్లోకి రావాలి. డార్ట్ దానంతటదే ఊడిపడుతుంది. దాన్ని వెతికి తెచ్చుకోవాల్సిందే, లేకపోతే మందు పూర్తిగా ఎక్కిందో లేదో తెలీదు. ఒక్క డార్ట్ కోసం పొదల్లో సాయంత్రం దాకా వెతికిన రోజులున్నాయట.

"ఎద ఆగుతుందా?" అని అడగమన్నారు. ఆగదు. చూడి నిలవదు కాబట్టి ఆ సీజనంతా మళ్లీ మళ్లీ ఎదకొస్తూనే ఉంటుంది, మగవాటి మధ్య కొట్లాటలు పెరుగుతాయి, కొన్ని ఆడవి గుంపులు మారతాయి. టీకాను వద్దనేవాళ్ల అభ్యంతరం అదే, అందులో నిజముంది. మరోపక్క ఏటా ఈని పాలిచ్చే బాధ లేక ఈ ఆడవి బాగా ఒళ్లు చేస్తాయి, ఎక్కువ కాలం బతుకుతాయి.

నాకు తోచింది చెప్పాలి. వదిలేస్తే అడవి గుర్రాల మంద ఏటా పదిహేను, ఇరవై శాతం పెరుగుతుంది. నాలుగైదేళ్లలో రెట్టింపు. కాబట్టి ఏదో ఒకటి చెయ్యాల్సిందే. చెయ్యకపోతే కరువొచ్చిన ఏడు కుంట చుట్టూ కళేబరాలే. కొన్నిటిని పట్టేస్తే మిగిలినవాటికి మేత పెరిగి ఇంకా ఎక్కువగా ఈనతాయని 2013లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక చెప్పింది. అలాంటప్పుడు హెలికాప్టరు మళ్లీ మళ్లీ రావాల్సిందేగా! ఈ బైండు పుస్తకం ఉన్న చోట దాని అవసరం తగ్గుతోంది. కానీ ఈ పని గుర్రాన్ని గుర్రంగా గుర్తుపట్టే మనుషులున్న చోటే సాగుతుంది. లక్షల ఎకరాల్లో, మనిషిని చూస్తే పారిపోయే వేల గుర్రాల దగ్గరికి డార్ట్ పట్టుకుని ఎవరు పోతారు? పైలట్ బ్యూట్ మీద రోడ్డు పక్కనే ఉన్న గుంపులకు వెయ్యొచ్చేమో. ఆ వెనకున్న ఎర్ర ఎడారిలో?

గొడ్ల మాట కూడా ఉంది. గుర్రాలకు కేటాయించింది రెండున్నర కోట్ల ఎకరాలకు కాస్త పైనైతే, బీఎల్‌ఎం పశువుల మేతకు తెరిచిన భూమి 15.5 కోట్ల ఎకరాలు. ఒక ఆవూ దూడా నెలంతా మేసినందుకు 2025 దాకా కట్టిన రుసుము 1.35 డాలర్లు. కాఫీ రాదు ఆ డబ్బుకు. మేత సరిపోవడం లేదన్నప్పుడల్లా ముందుగా గుర్రాల వైపే వేలు ఎందుకు చూపిస్తారో నాకర్థం కాదు. అలాగని గొడ్లు మేపేవాళ్లను దుర్మార్గులుగా చూపించే మాటలూ నాకు నచ్చవు. రాత్రి కోడీలో టిఫిన్ బల్ల దగ్గర కలిసిన ఒక పెద్దాయన, "మా కుంటకు నీళ్లు నేను తోలుతాను, తాగేది అవి," అన్నాడు. అదీ నిజమే.

గురువారం: లవెల్

లవెల్ చిన్న ఊరు. కానీ ఊరికి ఉత్తరాన, మోంటానా సరిహద్దులో ఉన్న ప్రయర్ కొండల గుర్రాలు ఇంకా ఉన్నాయంటే ఈ ఊరివాళ్ల చలవే. 1960లలో ప్రభుత్వం వాటిని పట్టేద్దామనుకుంటే అడ్డం తిరిగారు. 1968 సెప్టెంబరులో అప్పటి మంత్రి స్టీవర్ట్ యూడాల్ ఆ కొండను గుర్రాల కోసమే ప్రత్యేకించారు. 1971 చట్టానికి మూడేళ్ల ముందు మాట. అడవి గుర్రాన్ని ఇక్కడ మస్టాంగ్ అంటారు. ఊరి పక్కనే ఉన్న మస్టాంగ్ సెంటర్‌లో ఏ గుర్రం ఏ తల్లి బిడ్డో వంశవృక్షాలు గోడకున్నాయి.

సాయంత్రం బిగ్‌హార్న్ లోయ వెంట 37వ నంబరు రోడ్డు మీద వెళ్లాం. డెవిల్స్ కాన్యన్ అంచున నిలబడి కిందికి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. బాబాయ్‌కి కొండగొర్రెలు కనిపించాయి. తిరుగు దారిలో రోడ్డు పక్క రెండు గుర్రాలు. ఎలుక బూడిద రంగు, వెన్ను పొడవునా నల్లటి గీత, కాళ్ల మీద జీబ్రా చారలు. స్పానిష్ వాళ్లు తెచ్చిన పాత జాతి రక్తం వీటిలో ఉందని 1990లలో పరీక్షల్లో తేలింది.

శుక్రవారం: ప్రయర్ కొండపైన

మా కారు అక్కడికి ఎక్కదు. జీపున్న స్థానిక గైడ్‌ను మాట్లాడుకున్నాం. రాళ్ల దారి, రెండు గంటలకు పైగా ఎముకలు కదిలిపోయాయి. కింద ఎడారి, మధ్యలో జూనిపర్, ఫర్ చెట్లు, ఎనిమిది వేల అడుగులు దాటాక ఒక్కసారిగా పచ్చటి మైదానం, ఊదా రంగు లూపిన్ పూలు. చెట్ల నీడన ఇంకా మంచు. ఆ మంచు మీద ఈగల బాధ తప్పించుకుంటూ ఒక కుటుంబం నిలబడి ఉంది.

గైడ్ ఒక్కోదాన్ని పేరు పెట్టి చెప్పింది. 2000 నుంచి ఏటా పుట్టిన పిల్లలందరికీ ఒకే అక్షరంతో పేర్లు. ఆ ఏడు ఏ, తర్వాతి ఏడు బీ, 2010లో కే. పేరు వింటే వయసు తెలిసిపోతుంది. మనం నక్షత్రాన్ని బట్టి అక్షరం చూసినట్టు, వీళ్లు సంవత్సరాన్ని బట్టి చూస్తారు. బాబాయ్‌కి ఇది బాగా నచ్చింది. గుర్రం పళ్లు చూడక్కర్లేకుండా వయసు చెప్పడం ఇదే మొదటిసారి అన్నారు.

ఇక్కడ 2009లో పెట్టిన సంఖ్య 90 నుంచి 120. ఉన్నవి అంతకంటే ఎక్కువ. జన్యువైవిధ్యం నిలవాలంటే 150కి తగ్గకూడదని గుర్రాల తరఫువాళ్లు అంటారు. మేత నేల పాడవుతోందని బీఎల్‌ఎం అంటుంది. మైదానం చివర కర్రల కంచె చూపించింది గైడ్. అవతల గడ్డి ఇంకా ఏపుగా ఉంది. అది అటవీ శాఖది, 2010లో వేశారు. 1971లో గుర్రాలు అవతల మేశాయా లేదా అన్నదే తగాదా. మేశాయని పాతవాళ్ల సాక్ష్యం. కంచె పక్కనే నిలబడి ఒక ఆడ గుర్రం అవతలికి మెడ సాచి గడ్డి అందుకుంటోంది. పొడవైన మెడ దానికి ఉపయోగపడింది.

ప్రకృతికి వదిలేయమనేవాళ్లు 2004 గుర్తుచేస్తారు. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో చాలావాటిని ప్యూమాలు, అంటే కొండ సింహాలు, తినేశాయి. అలాంటి ఏళ్లలో టీకా అక్కర్లేదు. కానీ ప్యూమా ఏ ఏడు వస్తుందో ఎవరు చెబుతారు?

దిగేటప్పుడు బాబాయ్ అడిగారు: "ఈ సంఖ్య మార్చాలంటే ఎవరికి చెప్పాలి?" ఏ ప్రణాళికైనా ఖరారు చేసేముందు బీఎల్‌ఎం జనం అభిప్రాయాలు తీసుకుంటుందనీ, ఎవరైనా రాయొచ్చనీ గైడ్ చెప్పింది. "నేను ఈ దేశం వాణ్ని కాదుగా?" "రాయండి, ఏం పోయింది?" అంది.

బిల్లింగ్స్ వెళ్లే దారిలో బాబాయ్ చెబుతుంటే నేను ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగి ఫోన్లో టైపు చేశాను. "అయ్యా, నేను పదవీ విరమణ చేసిన పశువైద్యుణ్ని." ప్రతి ఆడ గుర్రాన్నీ ఒక్కసారైనా ఈననివ్వాలి, ఆ తర్వాతే టీకా. కంచె అవతలి గడ్డిని సర్వే చేయించాలి. కట్టేసిన గుర్రాల ఖర్చులో కొంత డార్ట్ వేసే మనుషుల జీతాలకు మళ్లించాలి. రెండు పేజీలు దాటింది, ఇంక చాలు బాబాయ్ అన్నాను.

"కింద 'కాపీ టు' అని పెట్టి మంత్రిగారి పేరు కూడా వెయ్యమ్మా. ఆఫీసులో ఫైలు కదిలేది దాంతోనే," అన్నారు.